కంటికి కనబడని ఎండ

కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలవారికి ఎండను గూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుటవంటిదే. వేసవి వచ్చినదన్న రామగుండము పేరు ప్రతిదినమును పత్రికల కెక్కుచుండును. అచట ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన దినములను ఎరుగని తరము లేదు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురు. ఆ కాలమున ఏమి చేయవలెనో మన రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. తెల్లవారకమునుపే పొలమునకు పోవును; పొద్దెక్కకమునుపే ఇల్లు చేరును; తలకు రుమాలు చుట్టును; అంబలి త్రాగును; జేబులో ఉల్లిగడ్డ నుంచుకొనును. వేడిమిని ఎదుర్కొను విద్యలో మనవారు ఆరితేరినవారు.

అయితే ఎండలో వేడిమి గాక మరియొకటి కలదు. అది ఒడలికి తగిలినను వెచ్చగా నుండదు, కంటికి కనబడదు. దానినే శాస్త్రజ్ఞులు అతినీలలోహిత కిరణములని పిలుచుచున్నారు. వేడిని పసిగట్టు మన చర్మము వీనిని పసిగట్టలేదు. అందుచేత వేడిమికొరకు మన పెద్దలు ఏర్పరచిన జాగ్రత్తలలో కొన్ని వీనియెడల పనిచేయును, కొన్ని పనిచేయవు. ఈ భేదము తెలియకపోవుటచేత ఎక్కువగా నష్టపడుచున్నది మన కన్ను.

ఇంద్రధనుస్సునకు ఆవల

వాన వెలిసిన సాయంకాలము ఆకాశమున ఇంద్రధనుస్సు కనబడును గదా. అందు ఎరుపు ఒక అంచునను, ఊదా మరియొక అంచునను ఉండును. ఎరుపునకు ఆవల వేడినిచ్చు కిరణములున్నవని 1800లో విలియం హెర్షెల్ కనుగొనెను. మరుసటి సంవత్సరమే జర్మనీ దేశమున యోహాన్ విల్హెల్మ్ రిట్టర్ అను యువకుడు ఊదాకు ఆవల ఏమున్నదో చూడదలచి, వెండి లవణమును గాజుపట్టకము నుండి వెడలిన రంగులలో నుంచి పరీక్షించెను. ఏ వెలుగును లేనట్లు కనబడిన చోటనే, ఊదాకు అవతలి చీకటిలోనే, ఆ లవణము మిక్కిలి త్వరగా నల్లబడెను. అనగా అచట పడుచున్నది వెలుగు కాదు, వేడిమి కాదు. అయినను పదార్థమును మార్చు శక్తి దానికి కలదు.

ఆ శక్తికి నిదర్శనము మన ఇంటివాకిటనే కలదు. ధాన్యముపై కప్పిన నీలి టార్పాలినును కొన్ని వేసవులు ఎండలో విడిచినచో పొడిపొడిగా చిట్లిపోవును. ఇంటిలో మడిచియుంచినది ఏండ్లతరబడి మన్నును. దానిని చిట్లించునది ముఖ్యముగా ఈ కిరణమే.

వెలుగు తరంగముల పొడవును నానోమీటరులలో కొలుచుదురు. ఒక మిల్లీమీటరులో పదిలక్షవ వంతు ఒక నానోమీటరు. కంటికి కనబడు వెలుగు ఇంచుమించు 400 నానోమీటరుల కడ ఆరంభమగును. దానికి దిగువ 315 వరకు నున్నవానిని ఎ జాతి యనియు, 315 నుండి 280 వరకు బి జాతి యనియు, 280 నుండి 100 వరకు సి జాతి యనియు విభజించిరి. తరంగము పొట్టిదైనకొలది తీక్ష్ణత హెచ్చును. సి జాతిని పూర్తిగాను, బి జాతిని చాలవరకును ఆకాశముననున్న ఓజోను పొర అడ్డగించుచున్నది. నేలను చేరు అతినీలలోహిత కిరణములలో నూటికి 95 పాళ్లు ఎ జాతివి. మిగిలిన కొంచెము బి జాతిది. ఆ కొంచెమే చర్మమును కమల్చును, కంటిని చెరచును; ఎముకలకు వలసిన డి విటమినును పుట్టించునదియు అదియే.

ఓజోను పొరకు గండి పడినదను మాట పాఠకులు వినియుందురు. ఆ గండి దక్షిణ ధ్రువముపైనిది. దానిని మాన్పుటకై 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరమున దేశములు ఒడంబడిక చేసికొనెను. భారతదేశము 1992లో అందు చేరినది. మన నెత్తిమీద గండి లేదు. కాని ఉష్ణమండలమున ఓజోను సహజముగానే పలుచన. సూర్యుడు నిటారుగా నిలుచుటచే కిరణము గాలిలో నడచు దారియు పొట్టిది. కావున మన పొలములపై ఈ కిరణముల వాడి లోకములోని అనేక దేశములకంటె ఎక్కువ.

పుష్యమి కార్తెలో ఏమి జరుగుచున్నది

వేడిమి హెచ్చుగా నున్ననాడే ఈ కిరణములును హెచ్చుగా నుండునని తలచుట సహజము. అది సరి కాదు. గాలి వేడిమి, నేల ఎంత కాగినది, వాన పడినదా లేదా, గాలి ఎటు వీచుచున్నది అను వానిపై ఆధారపడును. అతినీలలోహిత కిరణముల వాడి ముఖ్యముగా సూర్యుడు ఎంత ఎత్తుననున్నాడను దానిపై ఆధారపడును.

కరీంనగరు పట్టణముపై సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచుట సంవత్సరమునకు రెండుమార్లు. మే 13 ప్రాంతమున ఒకమారు, జూలై 30 ప్రాంతమున మరియొకమారు. ఆదిలాబాదుపై మే 19 ప్రాంతమునను, జూలై 24 ప్రాంతమునను. ఈ తేదీలను మన కార్తెలలోనికి మార్చి చూచినచో మొదటిది కృత్తిక, రెండవది పుష్యమి. నడుమనున్న రోహిణి, మృగశిర, ఆర్ద్ర, పునర్వసు కార్తెలయందును సూర్యుడు నడినెత్తికి అయిదు డిగ్రీలకు మించి తొలగడు.

కృత్తికలో మనకు భయము కలదు. కనుక నీడన చేరుదుము. పుష్యమి సంగతి వేరు. అప్పటికి వానలు పడినవి, గాలి చల్లబడినది, ఆకాశమున మబ్బు తేలుచున్నది. ఊరంతయు నాట్లలో నుండును. ఆడవారు ప్రొద్దున మడిలో దిగి, నడుము వంచి, సాయంకాలము వరకు నారు నాటుచునే యుందురు. ఎండ లేదు గదా యని ఎవ్వరును తల కప్పుకొనరు. సరిగా ఆ దినములలోనే మధ్యాహ్నము పన్నెండుంబావు ప్రాంతమున మనిషి నీడ కాలిక్రిందనే అణగియుండును. కృత్తికలో నడినెత్తిన నిలిచిన సూర్యుడే ఈయనయు. పలుచని మబ్బు వేడిమిని తగ్గించును గాని, నూటికి తొంబది పాళ్లకు పైగా ఈ కిరణములు దాని గుండ దిగివచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. కారుమబ్బు కమ్మి వాన కురియునప్పుడు మాత్రము చాలవరకు ఆగును.

ఇట్లు కనబడనిదానిని కనిపెట్టుటకు ఖర్చులేని కొలబద్ద యొకటి కలదు. అది మన నీడ. నీడ మనిషికంటె పొడవుగా నున్నప్పుడు కిరణములు ఏటవాలుగా వచ్చుచున్నవి, వాడి తక్కువ. నీడ మనిషికంటె పొట్టిదైనచో జాగ్రత్త పడవలెను. పుష్యమి కార్తెలో ఉదయము తొమ్మిది దాటినది మొదలు మూడున్నర వరకును నీడ మనిషికంటె పొట్టిగానే యుండును. మబ్బు మూసి నీడ కనబడనినాడు ఈ గడియలనే గుర్తుంచుకొనవలెను. ఇక ఆదిలాబాదు చలికాలము చూడుడు. సిర్పూరు, తిర్యాణి ప్రాంతములలో రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగువకు పడిన దినములు కలవు. పగటి ఎండ హాయిగా నుండును. పత్తి ఏరువారు దానిని కోరి మరీ నిలుతురు. డిసెంబరు చివర అచట మధ్యాహ్నపు నీడ అయిదడుగుల మనిషికి నాలుగడుగుల ఎనిమిదంగుళములు. అనగా ఆ చలిలోను, గంటన్నరసేపు, నీడ మనిషికంటె కొంచెము పొట్టియే.

చేతి ఫోనులలో వాతావరణము చూపుచోట యు.వి. సూచిక యను అంకె కనబడును. అది 3 మొదలుకొని జాగ్రత్త వలయునని నియమము. 8 దాటినచో మిక్కిలి తీవ్రము, 11 దాటినచో అత్యంత తీవ్రము. సూర్యుడు నడినెత్తిననున్న నిర్మల దినమున మన ప్రాంతమున 11 దాటుట వింత కాదు.

చెట్టు నీడను గూర్చి ఒకమాట. సూర్యుని నుండి సూటిగా వచ్చునవే గాక, ఆకాశమంతట చెదరి నలుదిక్కుల నుండి వచ్చు అతినీలలోహిత కిరణములు చాల కలవు. ఒంటరి తుమ్మచెట్టు క్రింద కూర్చున్నవానికి సూర్యుడు కనబడకపోయినను ఆకాశము కనబడుచునే యుండును. నీడవలన కిరణములు సగమో అంతకంటె ఎక్కువో తగ్గును గాని పూర్తిగా పోవు. మామిడితోపు నీడ మేలు. మడిలోని నీరు అద్దమువలె మెరయుచున్నను, నీరు, మన్ను, గడ్డి వెనుకకు కొట్టునది పదింట ఒక వంతునకు లోపే. గోదావరి పొడి ఇసుక అంతకంటె ఎక్కువ, నూటికి 15 పాళ్ల వరకు కొట్టును.

మన చర్మము, మన కన్ను

పాశ్చాత్య దేశములలో ఈ కిరణములను గూర్చి ఎక్కువగా వినబడునది చర్మపు పుట్టకురుపు. తెల్లని చర్మము గల ఆస్ట్రేలియా ప్రజలకు అది పెనుభూతము. మనకు ఆ బాధ అరుదు. మన చర్మములోని నల్లని వర్ణకము, మెలనిను, పుట్టుకతో వచ్చిన గొడుగు. నాట్లకు పోయి నల్లబడితినని బాధపడు ఆడపిల్లకు ఈ మాట చెప్పవలెను. ఆ నలుపు చర్మము తన్ను తాను కాపాడుకొనుటకు చేసికొన్న ఏర్పాటు. దానిని పోగొట్టుటకు అంగడిలో తెలియని పూతమందులు కొని పూసికొనుటయే హాని. అయితే తెల్లని చర్మముతోను, తెల్లని వెంట్రుకలతోను పుట్టిన పిల్లలకు ఆ గొడుగు లేదు. వారిని పొలము పనులకు పంపరాదు; పూర్తి చేతుల అంగీ, అంచుగల టోపీ, కళ్లద్దములు వారికి చిన్నతనము నుండియు అవసరము.

కంటికి మాత్రము ఎవ్వరికిని గొడుగు లేదు. ఎముక గూటిలో లోతుగా నమరియుండుట, కనుబొమ, చిట్లించుకొను రెప్ప, ఇవి పైనుండి వచ్చు కిరణములను కొంత ఆపును. ప్రక్కల నుండియు, క్రింది నుండియు వచ్చునవి కంటిలోనికే చేరును. నల్లగుడ్డుపైనున్న పారదర్శకమైన పొర కొంతభాగమును పీల్చుకొనును. దానిని దాటివచ్చినదానిని లోపలనున్న కటకము పీల్చుకొని, వెనుకనున్న రెటీనాను కాపాడుచుండును. ఒడలిలోని చర్మమువలె కటకము పాతకణములను రాల్చి క్రొత్తవి తెచ్చుకొనలేదు. పుట్టిననాటి పదార్థము ముసలితనము వరకు అందే యుండును. పచ్చిగ్రుడ్డులోని తెల్లసొన నీటివలె తేటగా నుండును. ఉడికించినచో తెల్లగా గడ్డకట్టును. కటకములోని మాంసకృత్తులును ఏండ్లతరబడి దెబ్బతిని అట్లే గుంపుగట్టి, తేటదనమును కోల్పోవును. దానినే వైద్యులు శుక్లమందురు. మన ప్రాంతమున మోతిబిందు అనుట వాడుక.

శుక్లమునకు ఎండ ఒక్కటియే కారణమని చెప్పరాదు. వయస్సు, మధుమేహము, పొగత్రాగుట, కంటి దెబ్బ ఇవియన్నియు కారణములే. శుక్లముచే అంధులైనవారిలో ఇంచుమించు పదింట ఒక వంతువరకు ఈ కిరణముల పాలు ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అమెరికాలోని మేరీలాండు తీరమున చేపలు, ఆలిచిప్పలు పట్టి జీవించు 838 మందిని పరీక్షించి 1988లో ప్రకటించిన పరిశోధన ఒకటి ప్రసిద్ధము. ఎవరు ఎన్ని ఏండ్లు నీటిపై పనిచేసిరి, టోపీ పెట్టుకొనిరా, కళ్లద్దములు ధరించిరా యని ఒక్కొక్కరి లెక్క తీసిరి. కంటిలో పడిన బి జాతి కిరణముల మొత్తము రెట్టింపైనచో, కటకపు అంచుల నుండి వచ్చు ఒకజాతి శుక్లము ప్రమాదము నూటికి 60 పాళ్లు హెచ్చినట్లు తేలెను. వారు చేసినదియు మనవారు చేయునదియు ఒకే పని, ఆరుబయట బ్రతుకుట.

తెల్లగుడ్డు మీద మొలచి, రెక్క ఆకారమున నల్లగుడ్డుపైకి పాకు కండపొర మరియొకటి. ముక్కువైపు మూలనుండి బయలుదేరుట దీని లక్షణము. ఎండ, దుమ్ము, గాలి మూడును గలచోట ఇది పెరుగును. ఆరుబయట పనిచేయువారిలో ఎక్కువ. చిన్నదైనంతకాలము ఎరుపు, దురద తప్ప వేరు బాధ లేదు. కంటిపాప వరకు పాకినచో చూపు పోవును, శస్త్రచికిత్సతో తీసివేయవలెను. నాటుమందుతో దానిని కోయించుకొన్నవారు కన్నే కోల్పోవుట కలదు.

మన జిల్లాల కండ్ల సంగతి లెక్కలతో తెలిసినది 1996–2000 నడుమ. హైదరాబాదులో 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు ఆ ఏండ్లలో ఆదిలాబాదు, మహబూబునగరు, పశ్చిమగోదావరి జిల్లాల పల్లెలలోను, హైదరాబాదు నగరములోను 10,293 మంది కండ్లను పరీక్షించిరి. ప్రతి వేయిమందిలో సుమారు 18 మంది అంధులని తేలెను. ఆ అంధత్వమున నూటికి 44 పాళ్లు శుక్లమువలననే కలిగినది. మరి 16 పాళ్లకు కారణము కళ్లద్దములతో తీరు దృష్టిదోషము. ఈ రెంటిని కలిపి చూచినచో, చీకటిలో కూర్చున్న ప్రతి పదిమందిలో ఆరుగురికి వెలుగు తిరిగి ఈయదగినదే. ఈ అంకెను చదివినప్పుడెల్ల, ఆ ఆరుగురిలో ఎందరు గోడకానుకొని కాలము వెళ్లబుచ్చిరో యని మనస్సు కలగును.

ఆ సంస్థ 1990 దశకమున ఆదిలాబాదు జిల్లా ముధోలులో గ్రామీణ నేత్రవైద్య కేంద్రమును నెలకొల్పినది. 2016లో జిల్లాలను విభజించిన పిమ్మట ముధోలు నిర్మల్ జిల్లాలోనికి వచ్చినది. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15న ఆరంభించి, 2023లో రెండవమారు జరిపిన కంటివెలుగు కార్యక్రమమున ఊరూర కండ్లు పరీక్షించి అద్దములిచ్చిరి.

అయినను శుక్లమును గూర్చి రెండు అపోహలు పోలేదు. ముదిరినగాని తీయించరాదనునది ఒకటి. పూర్వము చికిత్సా విధానమునుబట్టి అట్లు వేచియుండిరి. నేడు మసకబారిన కటకమును తీసి, ఆ చోటనే కృత్రిమ కటకము నమర్చుచున్నారు. చూపు పనికి అడ్డువచ్చినప్పుడే చేయించుకొనవచ్చును. మిక్కిలి ముదరనిచ్చినచో కంటిలో ఒత్తిడి హెచ్చి, నొప్పి పుట్టి, చూపు శాశ్వతముగా పోవు అపాయము కలదు. చలికాలముననే చేయించవలెననునది రెండవది. ఏ కాలమునైనను చేయించవచ్చును. మంచిది దొరకలేదని ఏడాది ఆగిన ముసలమ్మ ఆ ఏడాది మెట్లపై జారి తొంటి విరుగగొట్టుకొనుటయే చూచుచున్నాము.

రుమాలు చాలునా?

ఇక రక్షణ మాట. మన మగవారి రుమాలు తలను, మెడను వేడినుండి చక్కగా కాపాడును. కాని దానికి ముందు అంచు లేదు. కనుక కంటికి నీడ నీయదు. ఆడవారు నొసటి ముందరకు లాగుకొను కొంగు ఈ విషయమున రుమాలుకంటె మేలు. నాలుగు వ్రేళ్ల వెడల్పు అంచుగల టోపీ, తాటాకుదైనను సరే, కంటిలో పడు కిరణములను సుమారు సగము తగ్గించును. రుమాలు చుట్టువారు దాని కొసను నొసటిపై ముందుకు వచ్చునట్లు మడచికొన్నను కొంత ప్రయోజనము కలదు. బట్ట దట్టముగా నేసినదై, పొడిగా నుండవలెను. ఎండకు పట్టి చూచినప్పుడు వెలుగు చిల్లులుగా కనబడు పలుచని నూలు అంతగా ఆపదు.

సంతలో దొరకు నల్లద్దములతో జాగ్రత్త అవసరము. అద్దము నలుపు వేరు, అతినీలలోహిత కిరణములను ఆపు గుణము వేరు. ఆ గుణము లేని నల్లద్దము కంటిలోనికి వెలుగు తగ్గించుటచే కంటిపాప పెద్దదై, కిరణములకు తలుపు మరింత తెరచినట్లగును. యు.వి. 400 అని గుర్తు గలవానిని కళ్లద్దముల దుకాణమున పరీక్షింపజేసి కొనవలెను. పాలికార్బొనేటు పలకతో చేసిన అద్దము, రంగు లేకున్నను, ఈ కిరణములను ఇంచుమించు పూర్తిగా ఆపును.

సూర్యుడు లేకయే ఈ కిరణములు పుట్టు చోటు నేడు ప్రతి ఊరిలోను కలదు. అది వెల్డింగు దుకాణము. ట్రాలీ విరిగినను, దమ్ము చక్రము వంగినను, గేటు చేయించినను అచటికే పోవుదుము. ఆ మెరుపులో ఎ, బి జాతులే గాక, ఓజోను పొర మనకు రానీయని సి జాతియు కలదు. పనివాడు ముసుగు పట్టుకొనును; ప్రక్కన నిలిచిన రైతు, వింతగా చూచు పిల్లలు పట్టుకొనరు. అప్పుడేమియు తెలియదు. ఆరు గంటలకో, అంతకు మించియో, నడిరాత్రివేళ కంటిలో ఇసుక పోసినట్లు మంట, నీరు కారుట, దీపము చూడలేకపోవుట ఆరంభమగును. నల్లగుడ్డు పైపొర కమలినదన్నమాట. కంటిలో పాలు పిండుట, ఆముదము వేయుట తగదు. నులమరాదు. చీకటిగదిలో కండ్లు మూసుకొని, చల్లని తడిబట్ట వేసికొని, ప్రొద్దున వైద్యునికి చూపవలెను. సామాన్యముగా ఒకటి రెండు దినములలో తగ్గును. తిమ్మిరి కలిగించు చుక్కలు తెచ్చి మరల మరల వేసికొనుట ఆ పొర మానుటకు అడ్డు.

గటకయు, ఎండయు

ఒకే ఎండ ఒకరి చర్మమును ఏమియు చేయక, మరియొకరి చర్మమును కాల్చుటకు తెలంగాణము లోకమునకు నేర్పిన పాఠమొకటి కలదు. పూర్వము జొన్నగటకయే ప్రధానాహారముగా గల బీదవారిలో, మెడచుట్టు పట్టెడవలెను, ముంజేతుల మీదను, పాదముల మీదను చర్మము నల్లబడి, పగిలి, పొరలూడు వ్యాధి కనబడుచుండెను. బట్ట కప్పినచోట రాదు. ఎండ తగిలినచోటనే గిరిగీసినట్లు వచ్చును. పిమ్మట విరేచనములు, మతి చలించుటయు తోడగును. పెల్లాగ్రా యని దాని పేరు. మక్కజొన్నలు తిను స్పెయిను బీదలలో దీనిని 1735లో గాస్పర్ కసాల్ అను వైద్యుడు వర్ణించెను. నయాసిను అను బి విటమిను కొరతయే మూలమని 1937లో తేలినది.

కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమున, నేటి జాతీయ పోషకాహార సంస్థలో, డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్.జి. శ్రీకాంతయ్యగార్లు జొన్నలు తినువారికి ఈ వ్యాధి ఏల వచ్చుచున్నదని విచారించిరి. జొన్నలో మెండుగానున్న లూసిను అను పదార్థము నయాసిను పనికి అడ్డుతగులుచున్నదని 1960లో ప్రకటించిరి. ఆ వాదముపై తరువాత చర్చలు జరిగినవి. ఒకటి మాత్రము నిలిచినది: ఒట్టి గటకతో దినము గడుపువానికే ఈ వ్యాధి, పప్పు, పల్లీలు, పాలు, మాంసము కూడినవానికి జొన్న మంచి ఆహారమే. తిండి చాలక చర్మము తన్ను తాను బాగుచేసికొను శక్తిని కోల్పోయినప్పుడు, సామాన్యమైన ఎండయే నిప్పగును. నేడీ వ్యాధి అరుదైనను, అన్నము మాని మద్యముతో కడుపు నింపుకొనువారిలోను, పోషణ లేక క్షయమందు వాడు కొందరిలోను తలయెత్తుచున్నది. మెడపై పట్టెడవంటి నల్లని మచ్చ కనబడినచో పూతమందుల జోలికి పోక ప్రాథమికారోగ్య కేంద్రమునకు పోవలెను.

చర్మమునకు ఎండపడనట్లు చేయునవి ఇంకను కలవు. డాక్సీసైక్లిను వంటి మందులు వాడు దినములలో ఎండ త్వరగా కమల్చును. గట్లపై పెరుగు వయ్యారిభామ మొక్క తగిలి కొందరికి ముఖము, మెడ దద్దురులెక్కి, క్రమముగా ఎండ పొడయే సరిపడకుండ పోవును. బొల్లికి బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చుండుట మన దేశమున చాల పాతచికిత్స. అందు సత్యము కలదు. బావంచాలలోని సొరాలెన్ అను పదార్థముపై ఎ జాతి కిరణములు పడినప్పుడు చర్మమున రంగు మరల పుట్టును. ఆధునిక వైద్యులును దానినే కొలతతో వాడుచున్నారు. ఇంటిలో కొలత లేక పూసికొన్నవారికి బొబ్బలు లేచి, మచ్చ మరింత పెరుగుట కలదు.

తునికాకు రెండు కొసలు

ఇంతవరకు ఎండ ఎక్కువైనవారిని గూర్చి చెప్పితిమి. ఎండ తక్కువైనవారును మన రెండు జిల్లాలలోనే యున్నారు. ఒకే ఆకు ఈ రెండు వర్గములను కలుపుచున్నది. ఏప్రిలు, మే నెలలలో ఆదిలాబాదు అడవులలో గోండులు, కొలాములు మొదలగువారు తునికాకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి, కల్లములలో ఆరబెట్టుదురు. సూర్యుడు నడినెత్తికి వచ్చు కృత్తిక కార్తె వారికి పనికాలము. ఆ ఆకే కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతముల ఇండ్లలోనికి చేరును. అచట చేట ఒడిలో పెట్టుకొని తెల్లవారినది మొదలు దీపాలవేళ వరకు బీడీలు చుట్టు ఆడవారికి ఎండ పొడ సోకుట అరుదు. సిరిసిల్ల మరమగ్గముల కడ నిలుచువారును, భూగర్భగనులలో దిగు సింగరేణి కార్మికులును ఇట్టివారే.

బి జాతి కిరణములు చర్మముపై పడినప్పుడు డి విటమిను పుట్టును. అది లేనిచో తిన్న సున్నము ఎముకలకు పట్టదు. పిల్లలకు కాళ్లు దొడ్డిపోవును. పెద్దలకు నడుము, తుంటి, తొడలు సలుపును, కూర్చున్నచోటు నుండి లేచుట కష్టమగును. బీడీలు చుట్టువారి నడుమునొప్పి యంతయు కూర్చుండుటవలననే యని అందరును తలంతురు. అందు ఈ కొరత పాలెంతయో రక్తపరీక్షచే తెలియును. తిరుపతిలో డాక్టరు సి.వి. హరినారాయణగారును, వారి సహచరులును జరిపిన పరిశోధనలలో, పట్టణవాసులలోనే గాక పల్లెవాసులలో సైతము డి విటమిను కొరత విస్తారముగా కనబడినది. చర్మములో ఆ విటమిను బాగుగా పుట్టునది ఏ వేళనో కూడ వారు పరీక్షించిరి. ఉదయము 11 మొదలు 2 గంటల వరకు ఎక్కువని తేలినది.

ఇది విన్న పాఠకునకు సందేహము కలుగును. నీడ పొట్టిగా నున్నప్పుడు జాగ్రత్తపడుమనిరి. ఇప్పుడు ఆ వేళలోనే ఎండలో నిలువుమనుచున్నారు. ఈ రెండింటికి వైరము లేదు. విటమిను పుట్టునది చర్మములో, చెడునది కన్ను. నాట్లు వేయు ఆమెకు చేతులకు, కాళ్లకు ఎండ కావలసినంత తగులుచున్నది. ఆమెకు వలసినది కంటికి నీడ. బీడీలు చుట్టు ఆమె మధ్యాహ్నము అన్నము తిన్న పిమ్మట, చేట ప్రక్కన పెట్టి, వాకిట సూర్యునికి వీపు పెట్టి, కొంగు నొసటిమీదికి లాగుకొని, ముంజేతులు, పిక్కలు ఎండ తగులునట్లు కొంతసేపు కూర్చుండవలెను. చర్మము కమలువరకు కూర్చుండనక్కరలేదు. నల్లని చర్మము వారికి తెల్లనివారికంటె ఎక్కువసేపు పట్టును. మే నెలలో వడదెబ్బ భయము కలదు కనుక కొద్దిసేపు చాలును. కిటికీ అద్దము వెనుక కూర్చున్న ప్రయోజనము లేదు. బి జాతి కిరణములను ఆ అద్దము రానీయదు. గనిలో పనిచేయువారు తమ సెలవు దినమున ఇట్లే చేయవచ్చును. దీనితోపాటు పాలు, మజ్జిగ, రాగులు ఆహారమున చేరినగాని ఎముకకు సున్నము దొరకదు. నొప్పులు తగ్గనివారు వైద్యుని అడిగి డి విటమిను మందు పుచ్చుకొనవలెను. అది అంగడిలో దొరకునది గదా యని ఎక్కువగా మ్రింగినచో రక్తమున సున్నము పెరిగి, మూత్రపిండములకు చేటు కలుగును.